ప్రోటీన్ ఎక్కువైతే నరాల పొర ఎందుకు చెడిపోతుంది?

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది ఖమ్మం దగ్గర ఒక పల్లె. మా బాబుకు పదమూడేళ్ళు. రెండేళ్ళుగా నడుస్తూ నడుస్తూ చీలమండ మడతపడి పడిపోతున్నాడు. పాదం వంపు బాగా ఎత్తుగా ఉంది, కాలి వేళ్ళు వంకర తిరిగాయి. హవాయి చెప్పు కాలిలోంచి జారిపోయినా వాడికి తెలియడం లేదు. హైదరాబాదులో నరాల డాక్టరు కరెంటు పరీక్ష, రక్తపరీక్ష చేయించి ‘షార్కో మారీ టూత్ 1ఏ’ అని రాశారు. నరాల మీది పొరలో ఉండే ఒక ప్రోటీన్ ఎక్కువగా తయారవుతోందట. పొరకు కావలసిన సరుకే ఎక్కువగా ఉంటే పొర మందంగా, గట్టిగా ఉండాలి కదా, చెడిపోవడమేమిటి? ప్రోటీన్ ఎక్కువన్నారని మా అత్తగారు బాబుకు పప్పు, గుడ్డు మాన్పించారు. మాది మేనరికం, అందువల్లే ఇలా అయిందని చుట్టాలంటున్నారు. మావారికి కూడా చిన్నప్పటి నుంచి పిక్కలు సన్నమే. పాపకు ఎనిమిదేళ్ళు, దానికీ వస్తుందా? దీనికి మందు ఉందా? దయచేసి వివరంగా చెప్పగలరు.

సమాధానం: అమ్మా, మీరడిగిన వాటిలో అన్నిటికంటే ముందు తేల్చవలసినది పప్పు, గుడ్డు సంగతి. ఆ రెండూ ఈ పూట నుంచే బాబుకు మళ్ళీ పెట్టండి. మనం తినే మాంసకృత్తులు కడుపులో, పేగుల్లో అరిగి అమైనో ఆమ్లాలనే చిన్న చిన్న ముక్కలైపోతాయి. గుడ్డులోని ప్రోటీన్ గుడ్డు ప్రోటీన్‌గానే నరంలోకి చేరే దారి లేదు. మీ డాక్టరు చెప్పిన ప్రోటీన్ పేరు పీఎంపీ22. దానిని నరం చుట్టూ ఉండే కణాలే, తమలో ఉన్న జన్యువు చెప్పిన మేరకు, తమకు తాముగా తయారు చేసుకుంటాయి. బాబు పప్పు తిన్నా మానినా ఆ తయారీ తగ్గదు. ఎదిగే వయసులో తిండి తగ్గితే మాత్రం, అసలే సన్నబడుతున్న పిక్కల కండరాలు మరింత నీరసిస్తాయి. మీ అత్తగారు ప్రేమతోనే చేసి ఉంటారు. ‘ప్రోటీన్ ఎక్కువ’ అన్న మాట విన్న ఎవరికైనా మొదట తిండే గుర్తుకొస్తుంది, కనుక ఆవిడను ఏమీ అనకండి.

ఇక మీ అసలు ప్రశ్నకు వస్తాను. సరుకు ఎక్కువైతే పొర మందంగా ఉండాలి కదా అన్న అనుమానం చాలా సబబైనది. దానికి జవాబు తెలియాలంటే ఆ పొర ఎలా కట్టబడుతుందో కొంచెం దగ్గరగా చూడాలి.

మనం నరం అని పిలిచేది నిజానికి వేల సన్నని తంతువుల కట్ట. చేతులకు, కాళ్ళకు వెళ్ళే నరాలలో ఆదేశాలను వేగంగా మోయవలసిన ప్రతి తంతువు చుట్టూ ష్వాన్ కణాలు అనే కణాలు ఒకదాని తరువాత ఒకటి వరుసగా కూర్చుని ఉంటాయి. ఒక్కో కణం మహా అయితే ఒక మిల్లీమీటరు మేర తంతువును తన వంతుగా తీసుకుని, తన ఒంటి పైపొరనే పలచగా చాపి, ఆ తంతువు చుట్టూ పదుల చుట్లు చుట్టేస్తుంది. చుట్ల మధ్య ఉన్న ద్రవం పిండుకుపోయి, పొరలు ఒకదానికొకటి అంటుకుని, కొవ్వు నిండిన గట్టి తొడుగు ఏర్పడుతుంది. దీనినే మైలిన్ అంటారు. ఒక కణం తొడుగుకూ పక్క కణం తొడుగుకూ మధ్య చెరకు గడకు ఉన్నట్టుగా కణుపులు ఉంటాయి. ఆదేశం తంతువు పొడవునా పాకుతూ పోకుండా కణుపు నుంచి కణుపుకు దూకుతూ పోతుంది కనుకనే మామూలు మనిషి చేతి నరంలో అది సెకనుకు యాభై మీటర్లకు పైగా ప్రయాణం చేయగలుగుతోంది. మీ బాబుకు చేసిన కరెంటు పరీక్ష ఆ వేగాన్ని కొలిచినదే. రిపోర్టులో చేతి నరం ఎదుట ఉన్న అంకె చూడండి. ఈ జబ్బులో అది 38 కంటే తక్కువే ఉంటుంది, చాలామందిలో ఇరవై దరిదాపుల్లో ఉంటుంది.

ఈ తొడుగులో కొవ్వులతో పాటు కొన్ని ప్రోటీన్లు ఉంటాయి. వాటిలో సగానికి పైగా ‘పీ జీరో’ అనే ప్రోటీన్‌దే వాటా. పొరను పొరకు అంటించి పట్టి ఉంచే జిగురు పని దానిది. మీ బాబులో ఎక్కువైన పీఎంపీ22 వాటా మామూలు మనిషిలో నూటికి రెండు నుంచి అయిదు మాత్రమే. ఇంత చిన్న వాటా ఉన్న ప్రోటీన్ కొంచెం పెరిగితే ఇంత అనర్థమా అని ఆశ్చర్యం కలగడం సహజం. పైగా ఆ పెరుగుదల కూడా పెద్దదేమీ కాదు. అందరికీ తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చొప్పున ఈ జన్యువు ప్రతులు రెండు ఉంటే, బాబుకు మూడు ఉన్నాయి. అంటే లెక్క ప్రకారం తయారీ ఒకటిన్నర రెట్లు.

ఇక్కడే ఈ ప్రోటీన్ స్వభావం తెలుసుకోవాలి. ఇది 160 అమైనో ఆమ్లాల చిన్న దండ. ఈ దండ కణం పైపొరను నాలుగుసార్లు అటూ ఇటూ దాటుతూ ఒక కచ్చితమైన ఆకారంలో మడతపడాలి, అలా మడతపడినదే పైకి వెళ్ళగలదు. ఆ మడత పడడం దీనికి చాలా కష్టం. ఏ జబ్బూ లేని కణంలో సైతం తయారైన పీఎంపీ22లో దాదాపు అయిదో వంతే సరిగా మడతపడి పైపొరకు చేరుతుంది. మిగిలినదంతా కణం లోపలే పోగై, కణం తన సొంత ఏర్పాట్లతో దానిని ముక్కలు చేసి పారేస్తుంది. అంటే ఈ ఖాతాలో పారబోత ఎప్పుడూ ఎక్కువే, దానిని ఎత్తివేసే ఏర్పాటు ఎప్పుడూ తీరిక లేకుండానే ఉంటుంది. దాని మీద మూడో ప్రతి సరుకు వచ్చి పడితే ఎత్తివేసే వేగం చాలదు. సరిగా మడతపడని ప్రోటీన్ కణంలో ముద్దలు ముద్దలుగా పేరుకుపోతుంది, కణం తన పని పక్కన పెట్టి ఆ చెత్తతో సతమతమవుతుంది. తొడుగుకు కావలసిన కొవ్వుల తయారీ కూడా ఈ కణాలలో తగ్గిపోతుంది. పొర చుట్టవలసిన వయసులో పొర చుట్టే దశకు పూర్తిగా ఎదగని కణంగా అది మిగిలిపోతుంది.

మరో సంగతి పాళ్ళది. తొడుగు కట్టుబడిలో ప్రతి ప్రోటీన్‌కూ తన మోతాదు, తన చోటు, తన వేళ ఉన్నాయి. ఇది ఎంత నిజమో ఎలుకల మీద చేసిన ప్రయోగాలు చూపించాయి. పీ జీరో జిగురు అని చెప్పాను కదా, జిగురు ఎక్కువైతే అంటుకోవడం ఇంకా బాగా జరగాలి. కానీ పీ జీరో జన్యువు ప్రతులను ఎక్కువగా పెట్టి పుట్టించిన ఎలుకలలో నరాల తొడుగు సరిగా ఏర్పడనే లేదని 2000లో ప్రచురితమైన పరిశోధనలు తేల్చాయి. ష్వాన్ కణం తన తంతువును ఎంచుకుంది, దాని పక్కన కూర్చుంది, చుట్టడం మొదలుపెట్టబోయింది. అంతలోనే మోతాదు మించిన పీ జీరో, వేళ కాని వేళ, చేరకూడని పొరల మీదికి చేరింది. ఎదురెదురుగా ఉన్న పొరలు చుట్టు తిరగకముందే ఒకదానికొకటి అంటుకుపోయాయి. చుట్టడం అక్కడితో ఆగిపోయింది. ఆత్రేయపురంలో పూతరేకు మడవడం చూసినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది: రేకు తడి పొడి సరిగ్గా ఉన్నప్పుడే పొర మీద పొర మడత పడుతుంది, తడి కాస్త ఎక్కువై రేకు తనకు తానే అతుక్కుపోయిందా, ఎంత నేర్పరి చేతిలోనైనా అది ఇక చుట్టుకోదు. మీ బాబులో ఎక్కువైనది పీ జీరో కాదు, పీఎంపీ22. కనుక వాడి నరాలలో అచ్చం ఇదే జరుగుతోందని నేను చెప్పడం లేదు. అంటించే ప్రోటీన్ ఎక్కువైనందువల్లే అంటవలసిన తీరు చెడిపోవచ్చునని, ‘ఎక్కువ సరుకు, ఎక్కువ పొర’ అన్న లెక్క ఇక్కడ పనికిరాదని చెప్పడానికే ఈ ఉదాహరణ తీసుకున్నాను.

మీ బాబు నరంలో ఏం జరుగుతుందంటే, లావుపాటి తంతువుల చుట్టూ పొర పలచగా కట్టబడుతుంది, కట్టినది కొన్నిచోట్ల ఊడిపోతుంది. ఊడిన చోట కొత్త కణాలు వచ్చి మళ్ళీ చుట్టబోతాయి, అదీ నిలవదు. ఇలా ఏళ్ళ తరబడి జరిగిన నరాన్ని అడ్డంగా కోసి సూక్ష్మదర్శిని కింద పెడితే, నడుమ పలచని తొడుగున్న తంతువు, దాని చుట్టూ వలయాలు వలయాలుగా పనికిరాని కణాల పొరలు, అచ్చం కోసిన ఉల్లిగడ్డలా కనిపిస్తాయి. రక్తపరీక్షతో జబ్బు తేలిపోయింది కనుక మీ బాబుకు నరం ముక్క తీసే పరీక్ష ఇప్పుడు అవసరం లేదు. ఎవరైనా చేయిద్దామంటే ఎందుకని అడగండి.

పొర చెడడం ఒక్కటే అయితే ఆదేశం నెమ్మదిస్తుంది తప్ప ఆగదు. కానీ తొడుగు సరిగా లేని తంతువు ఏళ్ళు గడిచేకొద్దీ చివరి నుంచి ఎండిపోతూ వస్తుంది. కండరం సన్నబడడానికి, పాదం జారడానికి అసలు కారణం ఈ ఎండిపోవడమే. నడుము దగ్గర మొదలై కాలి వేళ్ళ దాకా వెళ్ళే తంతువు పొడవు సుమారు ఒక మీటరు. వెయ్యికి తక్కువ కాని ష్వాన్ కణాలు వరుసగా దానిని కాపాడాలి. అందుకే జబ్బు మొదట పాదాలలో కనిపిస్తుంది, చేతులకు చాలా ఆలస్యంగా వస్తుంది. కరెంటు పరీక్షలో కనిపించే నెమ్మదితనం మాత్రం పసితనంలోనే ఏర్పడి, ఆ తరువాత పెద్దగా మారకుండా ఉండిపోతుంది. కనుక జబ్బు ఎంత ముదిరిందో చూడడానికని ఏటేటా ఆ పరీక్ష చేయించి పిల్లవాడిని బాధపెట్టవలసిన పని లేదు.

మోతాదే ఇక్కడ ముఖ్యమనడానికి మరో గట్టి సాక్ష్యం ఉంది. హ్యూస్టన్‌లో ఒక బృందం, ఆంట్‌వెర్ప్‌లో మరో బృందం 1991లో ఈ జబ్బున్న కుటుంబాలలో 17వ క్రోమోజోమ్ మీద సుమారు పదిహేను లక్షల డీఎన్‌ఏ అక్షరాల ముక్క రెండుసార్లు అచ్చయి ఉందని కనుగొన్నాయి. పీఎంపీ22 జన్యువు ఆ ముక్కలోనే ఉందని మరుసటి ఏడాది తేలింది. 1993లో అదే ముక్క ఒక ప్రతి పోయిన మనుషులు దొరికారు. వారికి మరో రకం జబ్బు: మోకాళ్ళు ముడుచుకుని చాలాసేపు కూర్చుంటే పాదం పడిపోతుంది, మోచేయి బల్లకు ఆనించి ఉంచితే చేతి వేళ్ళు తిమ్మిరెక్కి పట్టు తప్పుతాయి, కొన్ని రోజులకో వారాలకో తిరిగి వస్తాయి. ప్రతి ఒకటే ఉంటే ఆ జబ్బు, మూడుంటే మీ బాబు జబ్బు, రెండుంటేనే ఆరోగ్యం. నిజానికి ఈ రెండు జబ్బులూ ఒకే పొరపాటుకు పుట్టిన కవలలు. ఆ ముక్కకు రెండు వైపులా దాదాపు అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉండే భాగాలు ఉన్నాయి. అండమో శుక్రకణమో తయారయ్యేటప్పుడు రెండు క్రోమోజోములు పక్కపక్కన చేరి ముక్కలు మార్చుకుంటాయి, అప్పుడు ఈ భాగాలు ఒకదానిని మరొకటిగా పొరబడితే ఒక వైపు ముక్క అదనంగా చేరుతుంది, రెండో వైపు లోపిస్తుంది.

మేనరికం గురించి మీరు మనసు పాడుచేసుకోకండి. మేనరికాలలో ఎక్కువగా కనిపించే జబ్బులు ఉన్న మాట నిజమే. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు చెడ్డ ప్రతులు కలిస్తేనే వచ్చే జబ్బులు అవి. షార్కో మారీ టూత్ జబ్బులలోనే అటువంటి రకాలు కొన్ని ఉన్నాయి. కానీ 1ఏ ఆ కోవలోది కాదు. తల్లిదండ్రులలో ఒకరి నుంచి ఆ అదనపు ముక్క వస్తే చాలు, మీరు ఎంత దూరపు సంబంధం చేసుకున్నా ఇది రావలసి ఉంటే వచ్చేది. చుట్టాలు అడిగితే ఈ మాటే చెప్పండి. ‘టూత్’ అంటే పళ్ళకు సంబంధించినదని కూడా కొందరు అనుకుంటారు. అది 1886లో ఈ జబ్బును వర్ణించిన ముగ్గురిలో ఇంగ్లండు వైద్యుడి ఇంటిపేరు, మిగతా ఇద్దరు ప్యారిస్ వారు.

మీవారి పిక్కలు చిన్నప్పటి నుంచి సన్నమన్నారు. నా అనుమానం అక్కడే. ఆయన పాత చెప్పులు తిరగేసి చూడండి, అడుగు బయటి అంచున బాగా అరిగి ఉంటే, మడమల మీద నాలుగడుగులు వేయమంటే వేయలేకపోతే, ఆయనకు కూడా ఈ జబ్బు ఉండే అవకాశం ఎక్కువ. ఒకే కుటుంబంలో, ఒకే ముక్క అదనంగా ఉన్నవారిలోనే ఒకరికి పదేళ్ళకు చెప్పు జారడం, మరొకరికి అరవై దాటినా ‘నా కాళ్ళు మొదటి నుంచీ ఇంతే’ అనుకుంటూ పొలం పని చేసుకోవడం నేను చూశాను. ఆయనకు చేయించవలసింది ఎంఎల్‌పీఏ అనే పరీక్ష. జన్యువు ప్రతులు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టేది అదే. ఎక్సోమ్ అనే ఖరీదైన పరీక్ష జన్యువులోని అక్షరదోషాలను బాగా పట్టుకుంటుంది గానీ ప్రతుల లెక్కలో పొరబడవచ్చు, కనుక ఎక్కువ డబ్బు పోసినంత మాత్రాన మంచి పరీక్ష అనుకోకండి. తండ్రికి లేక తల్లికి ఈ ముక్క ఉంటే పుట్టే ప్రతి బిడ్డకూ వచ్చే అవకాశం సగానికి సగం. ఇద్దరికీ లేకపోతే బాబులోనే కొత్తగా పుట్టిందని అర్థం, అలా జరగడం కూడా అరుదేమీ కాదు.

పాపకు ఇప్పుడే రక్తపరీక్ష వద్దని నా సలహా. పాదాలు బాగుండి, చకచకా పరుగెడుతున్న పిల్లకు ముందుగా తెలిసినంత మాత్రాన మనం ఇవ్వగలిగే మందు ఏదీ లేదు. తెలిసిన భారం మాత్రం ఆ పిల్ల మోయాలి. ఏడాదికోసారి పాదాల వంపు చూడండి, మడమల మీద నడిపించండి. తేడా కనిపించిన రోజున పరీక్ష చేయించవచ్చు. ఈ విషయాలన్నీ ఒకసారి ఇంటిల్లిపాదీ కూర్చుని మాట్లాడుకోవడానికి హైదరాబాదు నిమ్స్‌లో వైద్య జన్యుశాస్త్ర విభాగం ఉంది. రిపోర్టులన్నీ పట్టుకుని వెళ్ళండి.

మందు సంగతి దాచకుండా చెబుతాను. అదనపు పీఎంపీ22ను తగ్గించే మందు నేను మీకు చీటీ మీద రాసి ఇవ్వగలిగే స్థితిలో ఇంకా లేదు. 2004లో విటమిన్ సి ఎలుకలకు మేలు చేసిందన్న వార్త వచ్చినప్పుడు అందరం సంతోషించాం. ఇటలీ, బ్రిటన్లలో 271 మందికి రెండేళ్ళపాటు, కొందరికి రోజుకు ఒకటిన్నర గ్రాముల విటమిన్ సి, మిగిలినవారికి ఉత్త బిళ్ళ ఇచ్చి చూశారు. 2011లో ఫలితం వచ్చింది, రెండు వర్గాలకూ తేడా లేదు. అలాగని ఈ దారి మూసుకుపోయినట్టు కాదు. ఎక్కువైన పీఎంపీ22ను కావలసినప్పుడు ఆపగలిగేలా పుట్టించిన ఎలుకలలో, దాని తయారీ ఆపిన వారం రోజులకే తొడుగు తిరిగి కట్టడం మొదలైందని 2001లో తేలింది. ష్వాన్ కణానికి పొర చుట్టే పని చేతకాక కాదు, మోతాదు మించినందువల్లే చేయలేకపోతోందని దీనివల్ల అర్థమవుతుంది. ఆ జన్యువు ఆదేశాన్ని మధ్యలోనే అడ్డుకునే చిన్న అణువులు ఎలుకలలో పనిచేశాయి. ఇప్పటి పరిశోధన చాలావరకు ఆ దారిలోనే సాగుతోంది.

అంతవరకు మీ చేతిలో ఉన్నది తక్కువేమీ కాదు. హవాయి చెప్పులు ఇంట్లోంచి తీసేయండి. మడమ వెనుక పట్టీ ఉన్నవో, లేసు బూట్లో కొనండి. పాదం కిందికి జారకుండా పట్టి ఉంచే తేలికపాటి ప్లాస్టిక్ స్ప్లింటును వాడి కాలి కొలతలకే చేయించి బూటులో పెట్టించండి. మడమ వెనుక స్నాయువు బిగుసుకుపోకుండా గోడకు చేతులానించి, మడమ నేలకు తాకేలా పిక్కను సాగదీసే వ్యాయామం రోజూ పొద్దున, సాయంత్రం చేయించండి. ఇది ఆరు నెలలు మానేస్తే తరువాత ఆపరేషన్ దాకా వెళ్ళవచ్చు. ఈత, సైకిలు మంచివి. కబడ్డీలో చీలమండ విరిగే ప్రమాదం ఉంది, అది వద్దు. పాదాలలో స్పర్శ తగ్గి ఉంటుంది కనుక రాత్రి పడుకోబోయే ముందు అరికాళ్ళు ఒకసారి చూడండి, ముల్లు గుచ్చుకున్నా వాడు చెప్పకపోవచ్చు. ఏడాదికోసారి వెన్ను వంకర తిరుగుతోందేమో చూపించండి. చొక్కా గుండీలు పెట్టుకోవడం, పెన్ను పట్టుకోవడం కష్టమైతే బడిలో పరీక్షలకు అదనపు సమయం అడగవచ్చు, అందుకు ప్రభుత్వ వైకల్య నిర్ధారణ శిబిరంలో చూపించి ధ్రువపత్రం తీసుకోండి. ఈ జబ్బుతో ఆయుష్షు తగ్గదు. చాలామంది, స్ప్లింటు సాయంతోనైనా, జీవితమంతా తమ కాళ్ళ మీదే నడుస్తారు.

నరాల బలానికని ఊళ్ళో వేసే ఇంజెక్షన్ల గురించి ఒక మాట. రక్తంలో బీ12 తక్కువని తేలితే ఆ సూది వేయించాలి, తక్కువ లేకపోతే అనవసరం. బీ6 ఎక్కువ మోతాదులో నెలల తరబడి వాడితే అదే నరాలను పాడుచేస్తుంది, కనుక బిళ్ళల పెట్టె మీద ఏముందో చదవకుండా ఇవ్వకండి. ఇంతకంటే ముఖ్యమైనది విన్‌క్రిస్టీన్ అనే మందు. రక్త క్యాన్సరు వంటి జబ్బులకు వాడే ఈ మందు ఈ జబ్బున్నవారికి ఒకటి రెండు మోతాదులు పడినా కాళ్ళు చేతులు పడిపోయిన సందర్భాలు ఉన్నాయి. అటువంటి అవసరం మీ ఇంట్లో ఎప్పటికీ రాకూడదు గానీ, బాబు ఫైలు మొదటి పేజీ మీద జబ్బు పేరు, దాని కింద ‘విన్‌క్రిస్టీన్ ఇవ్వరాదు’ అన్న మాట ఎర్ర సిరాతో రాయించండి. ఎంఎల్‌పీఏలో మీవారికి కూడా మూడు ప్రతులని తేలితే ఆయన ఫైలు మీద కూడా అదే రాయించండి.